పద్నాలుగో పలక

మార్చి 9

ఒరేయ్ భూతద్దం,

నీకు ఫోన్ చేస్తే ఊ, ఆ, సరే. ఈ మూడు మాటలు రాబట్టడానికి నేనొక్కదాన్నే పావుగంట వాగాలి. ఉత్తరం రాస్తే మాత్రం నీ దగ్గర్నుంచి బారెడు జవాబు వస్తుంది. అందుకే కాగితం పట్టాను.

మా ఇంటికి కొత్త మనిషి వచ్చింది. మనిషి కాదులే, తాబేలు పిల్ల. పేరు గుండీ. మీ బావే పెట్టాడు, కోటు గుండీకంటే కాస్త పెద్దదంతే కదా అని. నా స్టాంపు ప్యాడ్ మూత మీద నాలుగు కాళ్ళూ చాపుకుని పడుకుంటుంది, అంత ఉంటుంది.

ఎలా వచ్చింది అంటావు. అంటావని తెలుసు. తమ్ముడు వేలిముద్రల ఆఫీసులో పనిచేస్తుంటే అక్క ఏం చెప్పినా సాక్ష్యాలతో చెప్పుకోవాలి. మీ బావ పశువుల ఆస్పత్రికి తూకం మిషన్ బాగుచెయ్యడానికి వెళ్ళాడు. కుక్కల్ని నిలబెట్టి తూచే మిషన్. ఎవరెక్కినా ఒకటే బరువు చూపిస్తోందట. అక్కడి డాక్టరమ్మ పెరట్లో ఎప్పట్నుంచో తాబేళ్ళున్నాయి, ఈ ఏడాది పిల్లలు పెట్టాయి. మిగతా పిల్లల్ని అడిగినవాళ్ళు పట్టుకెళ్ళారు. దీన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. డిప్ప తేడాగా ఉందని.

ఆ తేడా ఏమిటంటే, తాబేలు వీపు మీద పదమూడు పలకలుంటాయట. దీనికి పద్నాలుగు. ముగ్గురు కూర్చునే బస్సు సీట్లో నాలుగో మనిషి సర్దుకుని కూర్చున్నట్టు, రెండు పలకల మధ్య ఓ ముక్కోణం పలక ఇరుక్కుని ఉంది. మిగతా పలకలన్నీ నలుపు, మధ్యలో పసుపు గీతలు. ఈ ఒక్కటీ పూర్తిగా పసుపు. మచ్చ కూడా లేదు.

నీకు చూపించాలని ముద్ర తీశాను. రబ్బరు స్టాంపులు కోసేదాన్ని, నా దగ్గర సిరాకేం కొదవ! వేలితో దాని వీపంతా నీళ్ళ సిరా పూసి, తడి కాగితం మెత్తగా అద్దాను. పలకల అంచులు ఎంత బాగా పడ్డాయో చూడు. తల ఉన్న వైపు బాణం గీశాను. మీ బావ ఒకటే కేకలు, పసిదాని ఒంటికి సిరా పూస్తావా అని. వెంటనే గోరువెచ్చటి నీళ్ళతో కడిగేశాను. నీళ్ళు తాగింది కూడా. నా మీద కోపం లేదు దానికి.

నీకు నా మీద కోపముందా? మా పెళ్ళయి ఎనిమిది నెలలు. రిజిస్ట్రారు ఆఫీసులో నువ్వు పెట్టాల్సిన సాక్షి సంతకం పక్క షాపు తాళాలాయన పెట్టాడు. నలభై ఆరేళ్ళ పెళ్ళికూతుర్ని చూసి అక్కడి గుమస్తా, అమ్మాయి ఎక్కడమ్మా అన్నాడు. నువ్వుంటే నవ్వేవాడివి. ఈ వేసవిలోనైనా రా. మీ బావని ఒక్కసారి చూసి, తర్వాత తిట్టుకో.

ముద్రగాళ్ళ ఇంటి ఆడపడుచు,
అక్క


మార్చి 17

అక్కా,

ఉత్తరమూ ముద్రా అందాయి. ముద్ర బాగుంది. తోక దగ్గర సిరా ఎక్కువైంది, అయినా అంచులన్నీ చదవడానికి వీలుగా ఉన్నాయి. అదనపు పలక కుడివైపు, రెండో పలకకీ మూడో పలకకీ మధ్య ఉంది. మొన మధ్య వరసలోకి పొడుచుకొచ్చింది. ఇలాంటి గుర్తు చచ్చేదాకా మారదు. అందుకని దాచిపెట్టాను.

తాబేలు చొచ్చిన ఇల్లూ, కోర్టు అమీనా చొచ్చిన ఇల్లూ బాగుపడవని నాయనమ్మ అనేది. నేను సామెతలు నమ్మను. సామెత కింద ఎవరి సంతకమూ ఉండదు. కానీ కొన్ని విషయాలు అడగాలి.

డాక్టరమ్మ ఇచ్చిందన్న సంగతి నీకెవరు చెప్పారు? ఆయనే కదా. నువ్వు ఆమెని చూశావా? తాబేళ్ళని ఊరికే ఇచ్చేవాళ్ళు తక్కువ. అమ్మేవాళ్ళు, దొంగచాటుగా చేతులు మార్చేవాళ్ళు ఎక్కువ. అందులోనూ డిప్ప మీద వింత గుర్తున్నవాటి వెనకపడే పిచ్చివాళ్ళుంటారు. ఎవరూ ముట్టుకోలేదన్న మాట నాకు రుచించలేదు.

తూకం సరిచేసే చేతికి తూకం తప్పించడమూ తెలుసు. ఇది ఆయన గురించి కాదు, ఆ పని గురించి చెబుతున్నాను. నా పనిలోనూ అంతే, ముద్రలు చదవడం వచ్చినవాడికి చెరపడమూ వచ్చు.

నా మీద కోపమా అని అడిగావు. కోపం కాదు. నువ్వు ఇరవై ఏళ్ళు ఒక్కదానివే కొట్టు నడిపావు. ఆయన్ని కలిసిన ఆరు నెలలకే తాళంచెవి చేతిలో పెట్టావు. ఆయన అంతకుముందు ఎక్కడున్నాడు అంటే, అక్కడా ఇక్కడా అని నువ్వే రాశావు. అక్కడా ఇక్కడా అనేది చిరునామా కాదు.

ఇక్కడ పని మామూలే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ట్యూబులైటు కింద బల్ల, బల్ల మీద స్టాండు, స్టాండుకి భూతద్దం. నువ్వు పెట్టిన పేరు ఆఫీసులో కూడా ఎలాగో తెలిసిపోయింది.

ఒక ఫొటో పంపు. పైనుంచి తీసింది.

తమ్ముడు


ఏప్రిల్ 2

భూతద్దం దొరగారికి,

మీరు పంపిన ప్రశ్నాపత్రం అందింది. జవాబులు ఇవిగో.

డాక్టరమ్మని నేను చూడలేదు. మా వీధి కరెంటు స్తంభం ఎవరు పాతారో కూడా నేను చూడలేదు. అయినా లైటు వెలుగుతోంది. ఇంక ఆయన అంతకుముందు ఎక్కడున్నాడంటే, తూకం మిషన్లు ఎక్కడ పాడైతే అక్కడున్నాడు. రైలు గోదాములు, పత్తి మిల్లులు, పిండి మరలు. అలా తిరిగేవాడికి ఒక చిరునామా ఎక్కడుంటుంది? అందుకే కదా నా చిరునామా ఇచ్చాను.

గుండీ బాగుంది. పొద్దున ఎండ పడే కిటికీ కింద దాని చెక్కపెట్టె. ఆకుకూర తరిగి పెడితే ముందు దాని మీద నడుస్తుంది, తర్వాత తింటుంది. పక్క షాపు తాళాలాయన రోజూ వచ్చి చూసి, ఇదీ జాతంటే అమ్మా, తాళమూ తలుపూ ఒంటి మీదే ఉన్నాయి, ఇలాంటివాళ్ళుంటే నాకు బేరాలెక్కడివి అంటాడు.

పోయినవారం నేను రెండు రోజులు లేను. కొత్తగా పెట్టిన ఆస్పత్రికి స్టాంపులన్నీ నేనే చేశాను, బిగించి చూపించి రావడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి మీ బావ ఇల్లంతా కడిగిపెట్టాడు. బీరువా కింద కూడా! మంచం జరిపి మరీ తుడిచాడు. మనిషికి ఇంత బుద్ధి ఎప్పుడొచ్చిందా అని ముక్కున వేలేసుకున్నాను. గుండీ మాత్రం కాస్త చిక్కింది. నగల కొట్టు వాళ్ళ తక్కెడ రిపేరుకొస్తే అందులో తూచాను, ముందుకంటే తగ్గింది. నువ్వు లేకపోతే సరిగ్గా తినలేదు అన్నాడు, నా మొహం చూడకుండా. నాకు నవ్వొచ్చింది. ఎవరు తినలేదో అర్థమైంది.

నువ్వడిగావని ఆదివారం ఫొటో స్టూడియోకి తీసుకెళ్ళాం. స్టూడియో ఆయన అలవాటుకొద్దీ కాస్త నవ్వండి అన్నాడు. తాబేల్ని! ఫొటోలో కింద ఉన్న అరచెయ్యి మీ బావది. ఆ చెయ్యైనా చూడు. గోళ్ళలో గ్రీజు ఉంటుంది కానీ, మంచి చెయ్యి.

ఎండలు ముదరకముందే వస్తావా?

అక్క


ఏప్రిల్ 11

అక్కా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో.

ఫొటో అందింది. నీ ముద్ర పక్కన పెట్టి భూతద్దం కింద చూశాను. ముద్రలో అదనపు పలక కుడివైపుంది. ఫొటోలో ఎడమవైపుంది. ముద్రలో దాని మొన ఎడమకి తిరిగింది. ఫొటోలో కుడికి తిరిగింది. రెండింట్లోనూ తల పైకే ఉంది. నేను తలకిందులుగా పట్టుకున్నానేమో అని నువ్వు అనుకోకుండా ఇది రాస్తున్నాను.

పలకలు చోటు మారవు. తాబేలు పెరిగితే పలక పెరుగుతుంది, అంతేకానీ ఇవతలి పక్క నుంచి అవతలి పక్కకి నడిచిపోదు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు తాబేళ్ళు. ఇందులో నాకు అనుమానం లేదు. ఇలాంటి మాట మా ఆఫీసు కాగితం మీద రాస్తే కోర్టు మారుమాట్లాడదు.

ఇక నువ్వే రాసిన సంగతులు చూడు. నువ్వు రెండు రోజులు ఇంట్లో లేవు. ఎప్పుడూ చీపురు పట్టనివాడు మంచం జరిపి కడిగాడు. తాబేలు బరువు తగ్గింది. అడిగితే నీ మొహం చూడలేదు. నువ్వు నవ్వుకున్నావు. నేను నవ్వలేను.

మొదటిది చచ్చిపోయి ఉండాలి, లేదా చేతులు మారి ఉండాలి. ఇలాంటిది ఇంకొకటి తెచ్చి పెట్టాడంటే, ఇలాంటివి ఎక్కడ దొరుకుతాయో తెలిసినవాడై ఉండాలి. డాక్టరమ్మ కథ అబద్ధమన్నమాట.

ఆయన్ని అడుగు. గట్టిగా అడగనక్కర్లేదు. నా తమ్ముడు రెండూ పోల్చి చూశాడు, ఇది అది కాదంటున్నాడు అని మాత్రం చెప్పి, ఊరుకో. తప్పు చేసినవాడు నిశ్శబ్దాన్ని భరించలేడు.

తమ్ముడు


ఏప్రిల్ 20

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడు రోజులు డ్రాయరులో పడేశాను. వీడికి ఉద్యోగం తలకెక్కింది, తాబేలు మీద కూడా కేసు పెడుతున్నాడు అనుకున్నాను. కానీ పురుగు తొలిచినట్టు తొలుస్తూనే ఉంది. ఆ మూడు రోజులూ ఆయన ఏం చేసినా వంకరగానే కనిపించింది. ఫోన్ మోగితే బయటికెళ్ళి మాట్లాడాడు. ఇంతకుముందు కూడా అంతే, షాపులో మిషన్ చప్పుడని. నిన్నటిదాకా అది చప్పుడు. ఇప్పుడు ఇంకేదో.

నువ్వు చెప్పినట్టే అడిగాను. చెప్పినట్టే ఊరుకున్నాను.

ఆయన అన్నం కంచం ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి తీసేశాడు. తల దించుకుని కంచం పక్కకి జరిపాడు. చివరికి, అనుకున్నాను, అన్నాడు.

ఏమనుకున్నావు అన్నాను.

జరిగింది ఇదట. నేను ఊళ్ళో లేనప్పుడు పిండిమర వాళ్ళ పెద్ద కాటా ఇంట్లోకి మోసుకొచ్చాడు. ఇద్దరు పట్టుకొస్తే రెండు తలుపులూ బార్లా తెరవాల్సొచ్చింది. కాటా దించి చూస్తే పెట్టెలో గుండీ లేదు. ఇల్లంతా వెతికాడు. బీరువా కింద, మంచం కింద. ఆ శుభ్రమంతా అదీ సంగతి. మర్నాడు పొద్దున మన బిల్డింగు వెనక, నీళ్ళ తొట్టి పక్కన పూలకుండీల మధ్య దొరికింది. మట్టి కొట్టుకుని ఉంది. కడిగి తెచ్చి పెట్టెలో పెట్టాడు. నాకు చెప్తే నేను భయపడతానని చెప్పలేదట.

మరి అదే ఇది కదా అన్నాను. ఆయన ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "అదే అనుకున్నాను. పసుపు పలక ఉంది కదా అని తెచ్చాను. ఏ పక్కనుందో నేనెప్పుడు చూశాను? మీ తమ్ముడు అంతవాడు కాదంటే కాదేమో. ఆయన మాట మీద మనుషుల్ని జైల్లో పెడతారు. నా పేరు నాది కాదని ఆయన రాసిచ్చినా నేను ఒప్పుకుంటాను."

ఒప్పుకున్నాడు. నువ్వు గెలిచావు.

ఆ రోజు నుంచి సాయంత్రం పని కాగానే టార్చి పట్టుకుని అసలు గుండీ కోసం వెతుకుతున్నాడు. నీళ్ళ తొట్టి చుట్టూ, కాలవ గట్టు మీద, పక్క వీధి గ్యారేజీల్లో బళ్ళ కింద పొట్ట మీద పడుకుని. వచ్చాక మోచేతులు కడుక్కుని మాట్లాడకుండా తింటాడు. ఇంట్లో ఉన్న తాబేలుకి ఆకు వేస్తాడు కానీ పేరు పెట్టి పిలవడం మానేశాడు.

ఆయన చెప్పింది నమ్మాలో లేదో నాకు తెలియడం లేదు. తాబేలు పోయిందని బాధ లేదురా. రెండు రోజుల సంగతి దాచినవాడు ఇంకా ఏమేం దాచాడో అని. నిన్న ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు చొక్కా జేబులు చూశాను. నా బతుకులో నేనెవరి జేబులో చెయ్యి పెట్టలేదు. నాలుగు స్క్రూలు దొరికాయి.

అక్క


ఏప్రిల్ 27

అక్కా,

గెలవడం ఓడిపోవడం లాంటిదేమీ లేదు. నిజం బయటికి రావాలి, వచ్చింది. కానీ సగమే వచ్చింది. పట్టుబడినవాడు ముందు సగమే చెబుతాడు.

పూలకుండీల మధ్య దొరికిందన్నది నేను నమ్మను. ఒక తాబేలు పోయిన మర్నాడే, ఇంచుమించు అలాంటిదే ఇంకొకటి నీళ్ళ తొట్టి పక్కన ప్రత్యక్షం కాదు. టార్చి తిప్పడం నీ కోసం వేస్తున్న నాటకం కావచ్చు.

కొట్టు ఎవరి పేరున ఉందో చూసుకో. ఇక్కడ నాకు తెలిసిన లాయరు ఒకాయన ఉన్నాడు, నెమ్మదస్తుడు. నువ్వు కొన్నాళ్ళు నా గదికి వచ్చెయ్. ఒక మంచమే ఉంది, నేను కింద పడుకుంటాను. డాక్టరమ్మ నిజంగా ఉందేమో వెళ్ళి చూసి మరీ బయల్దేరు.

తమ్ముడు


మే 8

తమ్ముడూ,

నీ లాయరు నెమ్మదస్తుడు. ఆయన్ని అలాగే నెమ్మదిగా ఉండమను. నేను రావడం లేదు. కొట్టు నాన్న పేరు మీద నుంచి నా పేరుకి మారింది, అక్కడే ఉంది. ఆ మాట ఆయన ఎప్పుడూ ఎత్తలేదు. నువ్వెత్తావు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఆయనకి చెప్పకుండా. ఉంది. పొట్టిగా, గొంతు పెద్దగా, నన్ను చూడగానే, "ఆ కాటా మేస్త్రిగారి భార్యవా, ఆయన చలవ, మా కుక్కల లావూ సన్నం మళ్ళీ తెలుస్తున్నాయి" అంది. పెరట్లో తాబేళ్ళని చూపించింది. ఆకు నోట్లో పెట్టుకుని నమిలేటప్పుడు అవి అచ్చం మన నాయనమ్మే.

ఫొటో చూపించి అడిగాను, ఇలాంటివి ఇంకా ఎన్ని పుట్టాయని. ఒక్కటే అంది. పదేళ్ళలో తన పెరట్లో పద్నాలుగు పలకలతో పుట్టింది ఇదొక్కటేనట. ఏ పక్క పలకో గుర్తుందా అంటే గుర్తులేదంది. ఈ చుట్టుపక్కల తాబేళ్ళున్న ఇంకో ఇల్లు కూడా తనకి తెలియదంది.

నువ్వు నిజాలు కావాలంటావు కదా. ఇదిగో, ఇది నిజం. నువ్వు చెప్పేది నిజమైతే, మా బిల్డింగు వెనక రెండో పద్నాలుగు పలకల తాబేలు ఆకాశం నుంచి ఊడిపడాలి. నాటకానికైనా దాన్ని ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి కదా. ఎక్కణ్ణుంచి తెచ్చాడో చెప్పు.

ఇక్కడ వీధివీధంతా మాకు సాయం చేస్తోంది. మూడో ఇంటి ముసలాయన ఒకటే అరుపులు, దొరికింది దొరికింది అని. పరిగెత్తుకెళ్తే బోర్లించిన సత్తుగిన్నె. ఇస్త్రీ ఆమె ఓ నున్నటి రాయిని కొంగులో చుట్టి తెచ్చింది, జాగ్రత్త, కదులుతోంది అని.

ఒక్క పని చెయ్యి. నీ దగ్గరున్న ఆ రెండూ, ముద్రా ఫొటో, ఇంకోసారి పక్కపక్కన పెట్టుకుని చూడు. భూతద్దం తీసేసి చూడు. నీకేం తోస్తే అది రాయి.

అక్క


మే 15

అక్కా,

నీ ఉత్తరం అందిన రోజే చూశాను. ఏమీ తోచలేదు. కుడి కుడిగానే ఉంది, ఎడమ ఎడమగానే ఉంది. కానీ పదేళ్ళలో ఒక్కటే అన్న మాట తీసి పక్కన పెట్టడానికి వీల్లేకపోయింది. చూడని మనిషిని అబద్ధాలకోరు అని రాశాను. ఆ మనిషి ఉంది, చెప్పిందీ నిజమే. నా లెక్కలో ఒక అంకె తప్పితే మిగతా అంకెల్ని కూడా చూడాలి.

నిన్న ఆఫీసులో ముద్రలు తీసే గుమస్తా సెలవు పెట్టాడు. కాపలా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు నలుగురు వరండాలో ఉన్నారు. నన్ను తియ్యమన్నారు. నేను ముద్ర తీసి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. ఒకాయన బొటనవేలి మీద కుడివైపు పాత కోత మచ్చ ఉంది. వేలు నేనే పట్టుకుని సిరా మీద దొర్లించి, కాగితం మీద దొర్లించాను. కాగితం మీద మచ్చ ఎడమవైపు పడింది.

ఆ చెయ్యి వదలకుండా అలాగే నిలబడ్డాను. ఆయన భయపడి, సార్, ఉద్యోగం రాదా అన్నాడు.

అక్కా, నువ్వు పంపింది ముద్ర. ముద్రలో కుడి ఎడమలు తిరగబడతాయి. ఫొటో అసలు వీపు. ముద్రలో కుడివైపున్నది వీపు మీద ఎడమవైపు ఉండాలి, అలాగే ఉంది. అది ఒకటే తాబేలు. పూలకుండీల మధ్య దొరికింది గుండీయే.

ఇన్నేళ్ళుగా నా ముందుకొచ్చేవన్నీ ముద్రలే. ముద్ర పక్కన ముద్ర పెట్టి పోల్చడం తప్ప నాకు వేరే పని లేదు. వేళ్ళని చూడను. ఫొటోని కూడా ముద్రని చదివినట్టే చదివాను. స్టాంపు మీద అక్షరాలు ఎందుకు తిరగబడి ఉంటాయని నేనడిగితే, అద్దాన్నడుగు పో అని నవ్వింది నువ్వే. అప్పుడు నేను నాలుగో క్లాసు.

కానీ అసలు తప్పు అది కాదు. మా ఆఫీసులో ఒక నియమం ఉంది. ఒకరు చూసింది రెండోవాళ్ళు విడిగా చూడాలి. ఎవరి మీద అనుమానమో ఆ రెండోవాళ్ళకి చెప్పకూడదు. ఇక్కడ రెండోవాళ్ళు లేరు. అనుమానం ఎవరి మీదో ఫొటో రాకముందే నా దగ్గర ఉంది.

ఇంకొకటి. బావ ఒప్పుకున్నాడు. చెయ్యని పనిని, నేను కాదన్నానని ఒప్పుకున్నాడు. దాన్ని నేను రుజువు కింద రాసుకున్నాను. రాత్రి నుంచి నేను ఆలోచిస్తున్నది తాబేలు గురించి కాదు. నా కాగితం చూసి తల దించుకుని ఒప్పుకున్నవాళ్ళు ఇంతకుముందు కూడా ఉన్నారు. పాత ఫైళ్ళు రెండు మళ్ళీ చూడాలని పైవాళ్ళని అడిగాను. ఇంకొకరి చేత.

బావని టార్చి ఇంట్లో పెట్టెయ్యమని చెప్పు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించింది నేను. ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించు. నీకు కాకుండా నేరుగా ఆయనకే రాద్దామనుకున్నాను. ఏమని మొదలుపెట్టాలో తెలియలేదు.

నీ
తమ్ముడు


మే 22

ఒరేయ్,

నాకు ముందే తెలుసు.

మే నెల మొదట్లో ఆస్పత్రివాళ్ళు ఇంకో స్టాంపు అడిగారు, కుడి పక్కన గుర్తు, ఎడమ పక్కన పేరు. రబ్బరు మీద ఎడమ పక్కన గుర్తు గీసి బ్లేడు పెట్టాను. చెయ్యి ఆగిపోయింది. బ్లేడు ఆగలేదు, బొటనవేలికి తగిలింది. వేలికి గుడ్డ చుట్టుకుని లోపలికెళ్ళి గుండీ వీపు చూశాను. ఇరవై ఏళ్ళుగా ప్రపంచాన్ని తిరగేసి కోస్తున్నదాన్ని, నా చేతులతో తీసిన ముద్ర సంగతి నాకు తట్టలేదు. నువ్వు చెప్పావు కాబట్టి నేను చూడలేదు. నాదీ అంతే తప్పు.

ఆ తర్వాతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆ తర్వాతే నీకు రాశాను. ఇంకోసారి చూడు అని రాశాను కానీ నాకు తెలిసిపోయిందని రాయలేదు. కావాలనే. నువ్వు కనుక్కున్నాక చెబుతావా, కడుపులో పెట్టుకుని ఊరుకుంటావా అని చూశాను. పోస్టుమాన్ వచ్చే వేళకి రోజూ మెట్ల మీద నిలబడ్డాను. సొంత తమ్ముణ్ణి అనుమానించడం ఎలా ఉంటుందో నాకు తెలిసొచ్చింది. నీకు తెలుసా అది? తెలిసే ఉంటుంది.

ఆయనకి మాత్రం ఆ రోజే చెప్పాను. నీకు రాసేనాటికి టార్చి అటక ఎక్కింది, వీధికే ఇంకా చెప్పలేదు. స్టూలు మీద కూర్చుండిపోయాడు. అయితే నేను ఒప్పుకున్నదేమిటి అన్నాడు. నువ్వే చెప్పాలి అన్నాను. గుండీని అరచేతిలో పెట్టుకుని, "నువ్వే అని నేను కూడా గుర్తుపట్టలేదు కదే" అన్నాడు. మళ్ళీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. వీధిలో వాళ్ళకి దొరికింది అని చెప్పాం. ఎక్కడ అంటే, ఇంట్లోనే అన్నాం. ఇస్త్రీ ఆమె తన రాయి తను పట్టుకెళ్ళింది.

అంతా సర్దుకుందనుకోకు. ఆయన దాచింది దాచిందే. ఆ మాట ఆయనతో అన్నాను. నేను జేబులు వెతికిన సంగతీ చెప్పాను. ఏం దొరికాయి అన్నాడు. స్క్రూలు అన్నాను. అవే, పిండిమర కాటావి, అప్పట్నుంచి వెతుకుతున్నాను, ఎక్కడ పెట్టావు అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వాక కూడా ఆయన చొక్కా తగిలించే కొక్కెం వైపు చూస్తే నాకు సిగ్గేస్తోంది. అది కొన్నాళ్ళుంటుంది.

నీ ఉత్తరం చదివి వినిపించాను. బావ ఒప్పుకున్నాడు అన్న దగ్గర ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. తప్పు పట్టుకున్నాడేమో అనుకుని మళ్ళీ చదివాను. మొదటి మాట ఒక్కటే చాలు అన్నాడు. ఇన్ని ఉత్తరాల్లో నువ్వు ఆ మాట రాయడం ఇదే మొదలు. నేను లెక్క చూస్తూనే ఉన్నాను.

పాత ఫైళ్ళు చూస్తానన్నావు. చూడు. ఎవరైనా టార్చి పట్టుకుని తిరుగుతుంటే వాళ్ళకి కూడా చెప్పు.

సంతకం బదులు కింద నా బొటనవేలి ముద్ర వేస్తున్నాను. బ్లేడు గాటు ఇప్పుడే మానింది, మచ్చ కనిపిస్తుంది. అది ఏ పక్కనుందో కాగితం చూసి తేల్చకు. వచ్చి వేలు చూసి చెప్పు.